ఆకుపచ్చ ముఖం

జుట్టులో కోడిగుడ్డు సొన, చెవుల్లో పిండి, మెడ మీద చేప పొలుసులు. ఒక కాలికే బూటున్న ఆ కుర్రాడు కుంటుకుంటూ వచ్చి, నవ్వుతూనే వేడినీళ్ళ తొట్టి ముందు తల వంచాడు.

ఇంకా వంచమంది యస్నా. ఈ అవతారంలో చూస్తే మీ అమ్మ నన్నే తిడుతుందంది.

వల్దీవియా ఊళ్ళో కాలేజీలు తెరిచే మార్చి వచ్చిందంటే ఇదే వరస. కొత్తగా చేరిన పిల్లల్ని సీనియర్లు పట్టుకుని, బట్టలు కత్తిరించి, రంగులు పులిమి, కుళ్ళిన చేపల నీళ్ళు గుమ్మరిస్తారు. ఒక బూటు లాక్కుని ఊరి మీదికి తోలుతారు. నలుగురినీ అడుక్కుని చిల్లర తెచ్చిస్తేనే బూటు వెనక్కి వస్తుంది. లేదంటే అయినవాళ్ళెవరైనా వచ్చి విడిపించుకుపోవాలి.

విశ్వవిద్యాలయం ఏటా వద్దంటుంది. పిల్లలు ఏటా చేస్తారు.

అందుకే విద్యార్థి సంక్షేమ విభాగం వరండాలో యస్నా తొట్టీ, తువ్వాళ్ళూ, టీ, రొట్టే సిద్ధంగా పెడుతుంది. ఆమెకో నియమం ఉంది. రంగుతో వచ్చినవాళ్ళని పేరు అడగదు. అసలే సిగ్గుతో చచ్చిపోతుంటారు, పైగా ఆరాలు కూడానా?

ఈసారి మాత్రం ఆమె మనసంతా కొత్తగా చేరిన నయారెత్ మీదే ఉంది.

నయారెత్‌ది ఉత్తరాన ఎడారిలో ఉన్న కలామా. దేశం ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చి చేరింది. అక్కడ ఆమెతో కాపురం చేసిన బ్రౌలియో ఒకసారి ఆమె భుజం ఎముక విరగ్గొట్టాడు. దగ్గరికి పోకూడదని కోర్టు చెప్పింది. చెప్పాక కూడా పోయాడు.

ఆమె ఇక్కడుందని తల్లికీ, యస్నాకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. తలుపు గట్టిగా పడితే చాలు, పిల్ల గోడకి అతుక్కుపోయేది.

ఇవాళ పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడింది. తను బయటికి రానంది. ఎవరైనా ఫోటో తీస్తే, అది ఎవరి కంటైనా పడితే అని గొణిగింది.

"పిచ్చిదానా, నిన్నెవరూ గుర్తుపట్టలేని రోజు ఏదైనా ఉందంటే అది ఇవాళే. ఇలా కూర్చో, నేనే పూస్తాను," అంది యస్నా.

ముఖమంతా ఆకుపచ్చ పూసింది. నుదుటి మీద తెల్లగా ఒక చుక్క పెట్టింది. నయారెత్ అద్దంలో చూసుకుని ఫక్కున నవ్వింది. ఈ ఊరొచ్చాక అదే మొదటి నవ్వు. ఇన్నేళ్ళ ఉద్యోగం ఈ ఒక్క నవ్వుతో సార్థకమైందనిపించింది యస్నాకి.

మధ్యాహ్నం నీలం ముఖం ఒకతను వచ్చాడు.

తోసుకురాలేదు. తన వంతు వచ్చేదాకా ఆగాడు. టీ కప్పు అందుకుని మెల్లగా అడిగాడు.

"పిన్నీ, మా నయా ఇటేమైనా వచ్చిందా? నేను వాళ్ళ పెద్దమ్మ కొడుకుని."

యస్నా చేతిలో తువ్వాలు ఆగింది. ఏ నయా అని అడిగింది.

కలామా పిల్లే అన్నాడతను. తనూ ఈ ఏడే ఇంజినీరింగ్‌లో చేరాడట. ముందే చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరచాలనుకున్నాడట. తీరా చూస్తే రంగుల్లో అందరూ ఒక్కలాగే ఉన్నారని తల పట్టుకున్నాడు.

"తనకి చేపల వాసన అస్సలు పడదు పిన్నీ. ఇంట్లో చేపలు వండితే వెళ్ళి వీధిలో కూర్చునేది. ఇవాళ ఈ కంపులో ఎలా ఉందో ఏమో, పాపం."

నిజమే. చేప పెట్టిన రోజు నయారెత్ భోజనశాల గడప తొక్కదు. ఇంత దూరంలో ఆ పిల్లకి నా అనేవాడు ఒకడున్నాడని యస్నా ప్రాణం కుదుటపడింది. పేరు అడగలేదు.

"ఆకుపచ్చ ముఖం నాయనా, నుదుటి మీద తెల్ల చుక్క. నేనే పెట్టాను. నది ఒడ్డున చేపల బజారు వైపు వెళ్ళారంతా."

అతను కప్పు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. ముఖం కడుక్కుని పొమ్మంటే తర్వాత వస్తానని వెళ్ళిపోయాడు.

యస్నా ఇంకో అమ్మాయి తల మీద నీళ్ళు పోసింది. చేపల కుళ్ళు గుప్పున ముక్కుకి కొట్టింది. పొద్దుటి నుంచి వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా అదే కంపు.

నీలం ముఖం అతను ఇందాక చేతికందేంత దూరంలోనే నిలబడ్డాడు. అతని దగ్గర గడ్డం గీసుకునే సబ్బు వాసన వచ్చింది.

మగ్గు జారి కింద పడింది. తడి చేతులతో అలాగే పరుగెత్తింది.

ఒడ్డంతా ఎర్రటి, తెల్లటి, పసుప్పచ్చటి ముఖాలు. డప్పులు, ఈలలు, బజారు చేపల కోసం నదిలోకి వచ్చే సముద్ర సింహాల అరుపులు. ఆకుపచ్చ ముఖాలూ ఉన్నాయి. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని తిప్పి చూసింది. చుక్క ఎవరికీ లేదు.

సీనియర్ యెర్కో భుజానికి బూట్ల దండ వేసుకుని కనిపించాడు. ఆయాసపడుతూ అతన్ని అడిగింది.

"చుక్క పెట్టుకున్న పిల్లా? అదృష్టవంతురాలు మేడమ్. వాళ్ళన్నయ్య వచ్చి విడిపించుకుపోయాడు. తనే మోకాళ్ళ మీద కూర్చుని కాలికి బూటు తొడిగాడు కూడా."

"తను ఏమంది?"

"ఏమీ అనలేదు. కదలకుండా నిలబడింది, సిగ్గేమో." యెర్కో నవ్వాడు. "మేమంతా చప్పట్లు కొట్టి సాగనంపాం."