పారిస్‌కు కట్టిన జడ

విగ్గుల పెట్టెలకు కుంకుమ పెట్టి, షెడ్డు యజమాని రాఘవన్ కర్పూరం వెలిగించబోతున్నాడు. అప్పుడు వచ్చి గడప బయట నిలబడింది నాగకుమారి.

ఆయనకు ఒళ్ళు మండింది. సరుకు మద్రాసు హార్బరుకు బయలుదేరే పూట ఆ షెడ్డులో తుమ్మడానికి కూడా భయపడతారు. అపశకునం మాట నోట వచ్చిందంటే, ఎంత పనిమంతురాలైనా మర్నాడు రానక్కర్లేదు.

"ఇంతసేపా వచ్చేది? లోపలికి రా."

ఆమె గడప దాటలేదు. "మొదలాళీ, నేను అల్లిన ఆ పొడుగు విగ్గు నాకీండి. మా హేమ జుట్టు అది."

ఆ సంగతి ఆయనకూ తెలుసు. కూతురు హేమావతికి తలలో ఆపరేషన్ అని ఆస్పత్రిలో గుండు చేశారు. మోకాళ్ళు దాటే ఆ జడను మందుల కోసం తల్లే తెచ్చి ఇక్కడ అమ్మింది. తల్లే చిక్కు తీసి, వలగుడ్డకు వెంట్రుక వెంట్రుకా ముడివేసింది. ఆ పని జరిగినన్నాళ్ళూ ఆమె కన్ను తడారలేదు.

"నీకిచ్చేస్తే పారిస్ వాడికి ఏం చెప్పేది? పాండిచ్చేరిలో మగ్గాలన్నీ మూలపడినాయి. వాడు కొనబట్టే కదా మీ ఇండ్లల్లో పొయ్యి వెలిగేది!"

"నా బిడ్డ జుట్టు సముద్రాలు దాటొచ్చు గానీ, ఉప్పళంలో మా ఇంటికి రాకూడదా?"

ఆయన గొంతు పెంచాడు. "ఏంది నీ తొందర? జుట్టు మళ్ళీ పెరగదా?"

"సాయంత్రానికి చుట్టాలంతా వచ్చేస్తారు మొదలాళీ. పెళ్ళికాని పిల్ల, ఏ అలంకారమూ తక్కువ కాకూడదు. పట్టుచీర చుట్టినాను. పూలు తెచ్చినాను. యాడ పెట్టేది? ఆ గుండుతో నలుగురి కంటా పడనీలేను."

పెళ్ళిచూపులన్నమాట!

"నాలుగు నెలలు ఆగమను వాళ్ళను."

"ఆగరు," అంది. కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

రాఘవన్ కర్పూరం వెలిగించాడు గానీ మనసు నిలవలేదు. ఆయనకూ ఆడపిల్ల ఉంది. బోడితల చూసి వచ్చిన సంబంధం తిరిగిపోతే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది?

సీలు వేసిన పెట్టెను తన చేతులతోనే పగలగొట్టాడు. పారిస్ వాడు తిడితే తిట్టనీ. విగ్గును తెల్లటి గుడ్డలో చుట్టి రిక్షా ఎక్కాడు. శుభకార్యానికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని దారిలో జాంగ్రీలు కట్టించాడు. ఆ పిల్లకు దగ్గరుండి జడ పెట్టించి, తానే నాలుగు మంచి మాటలు చెప్పి, సంబంధం ఖాయం చేయించాలనుకున్నాడు. తొక్కమని రిక్షావాణ్ణి దారి పొడుగునా తొందరపెట్టాడు.

ఉప్పళం సందు మలుపు తిరిగేసరికి, నాగకుమారి వాకిట్లో పచ్చి కొబ్బరి మట్టలతో పాడె కడుతున్నారు.