ఒంటికి సరిపోయే కోటు

"అమ్మా, పెద్దదే తీసుకుందాం. వచ్చే ఏడు కూడా వేసుకోవచ్చు," అంది పాప. జబ్బుపడ్డాక తను బడికి రావడం అదే మొదటిసారి.

వరండాలో సేవాసంఘం వాళ్ళు పేదపిల్లలకు చలికోట్లు పంచుతున్నారు. నా తరగతి పిల్లలకు కొలతలు చూడటం నా పని.

"వద్దు. ఒంటికి సరిపోయేదే ఇవ్వండి," అంది వాళ్ళమ్మ.

సంఘం పెద్దాయన నవ్వాడు. "అందరూ పెద్ద సైజే కావాలని నా ప్రాణం తీస్తున్నారు. నువ్వేంటమ్మా, ఎదిగే పిల్లకి!"

"నిజమే, నాలుగు రోజుల్లో పొట్టైపోతుంది," అన్నాను నేను.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. "నిన్న డాక్టరు పెదవి విరిచేశాడు, టీచర్. ఈ చలికాలం గడిస్తే గొప్పేనట. ఎప్పుడూ దానికి వాళ్ళక్క విడిచినవే తొడిగాను. ఒక్కటైనా దాని ఒంటికి అతికినట్టుండాలి."

నేను చిన్న కోటు తెచ్చి పాపకు తొడిగి, మెడదాకా గుండీలు పెట్టాను. కోటు చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి.

"వచ్చే ఏటికి పట్టకపోతే ఎలా, టీచర్?"

"అప్పుడు ఇంకోటి తీసుకుందాం."

పాపకు ఇంకా ఎవరూ చెప్పలేదు.