ఉక్కుడేగ కథలో చిల్లు

“అబద్ధం బాబాయ్. మొదటి సంచికలో ఉక్కుడేగకి ఈత రాదు,” అంది భవ్య.

పన్నెండేళ్ళుగా వచ్చిన పిల్లల పత్రిక సంచికలన్నీ అరుగు మీద పరిచి కూర్చుంది. అందులో నెలనెలా వచ్చే ఉక్కుడేగ బొమ్మల కథ రాసేదీ గీసేదీ ఆమె బాబాయి శ్రీనివాసరాజే. పోయిన నెల, ఉక్కుడేగ పదేళ్ళకే కొవ్వూరు రేవులో దిగి గోదారి ఈదేశాడని కొత్తగా చేర్చాడు. పాఠకులు ఉత్తరాలతో దుమ్మెత్తిపోశారు. సాయంత్రం బస్సుకి సంజాయిషీ అందకపోతే కథ ఆపేస్తానని రాజమండ్రి నుంచి ఎడిటరు ఫోన్ చేశాడు. భవ్యకి ఏడాది నిండినప్పుడు, తండ్రి పోయిన కొత్తల్లో మొదలైన కథ అది. దాన్ని ఆగిపోనివ్వకూడదని ఆ పిల్ల పట్టు.

“పెద్దయ్యాక స్నేహితుడు మునిగిపోతుంటే ఈత రాక ఒడ్డునే నిలబడ్డాడు. ఆ ఏడుపులోంచే రెక్కలొచ్చాయి. ఈత వస్తే దూకేవాడుగా? దూకితే రెక్కల్లేవు. రెక్కల్లేకపోతే కథే లేదు,” అని మొదటి సంచిక తెరిచి చూపించింది భవ్య.

“ఆ రోజు వరద అందాం.”

“ఇసుక మేటలు గీశారు. వేసవి.”

“కాలు బెణికింది.”

“పరుగెత్తుకొచ్చాడు. నాలుగో బొమ్మ చూడండి.”

“నువ్వు ప్లీడరువి కావాల్సిందే తల్లీ.”

“మీరు ముద్దాయి.”

గడప దగ్గర రొయ్యలు వలుస్తున్న భవ్య తల్లి జానకీదేవి నవ్వింది. “వదిలెయ్యవే. పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు మీ బాబాయి.”

“వదిలేస్తే కథ ఆగిపోద్దమ్మా.” భవ్య పేజీ తిప్పింది. “ఇంకో తప్పుంది. మన కొవ్వూరు నించి అటు ఒడ్డుకి ఎవరూ ఈదలేరంట. మా సోషల్ మాస్టారు చెప్పారు. తెలియనివి ఎందుకు రాస్తారండి?”

బొమ్మ బాగాలేదంటే పడతాడు గాని, తెలియదంటే పడడు శ్రీనివాసరాజు. మొహం ఎర్రబడింది.

“మీ మాస్టారు గట్టు దిగని రకం. నీటికి ఎదురెళ్ళకూడదు. ఏటవాలుగా పడి పోవాలి. పదో తరగతిలో నేను రెండుసార్లు ఈదాను.”

“అయితే ఆ తప్పు కొట్టేస్తున్నా,” అని పెన్సిలుతో గీత గీసింది భవ్య.

జానకీదేవి రొయ్యల గిన్నె పక్కకి జరిపి లేచి నిలబడింది.

“మరి మీ అన్నయ్య మునిగిపోతుంటే, ఈత రాదన్నారేం మరిదిగారూ?”