ఏమీ వినపడని క్షణం

ఇళ్లలో పాత గొంతులు దాచుకునే ధ్వనిపెట్టెల పద్ధతి మారినప్పుడల్లా, ఆ గొంతులన్నీ కొత్త పద్ధతిలోకి మార్చుకోవాలి. ఆ పూట విజయనగరంలో ఎవరూ మిక్సీ వేయరు, ఫ్యాన్లు కూడా ఆపేస్తారు. హైమ తన అత్త దాచుకున్న వాళ్లమ్మ గొంతును మార్చి, పాతదాని ధ్వని అలకు కొత్తదాని అలను తలకిందులుగా ఎదురు పెట్టింది. అచ్చంగా ఒకేలా ఉంటే, రెండూ కలిపి మోగించినప్పుడు ఒకదాన్నొకటి వినపడనివ్వవు. రవ్వంత తేడా ఉన్నా ఆ తేడా ఒక్కటే వినిపిస్తుంది.

మోగించింది. ఇల్లంతా నిశ్శబ్దం.

ఎన్నిసార్లు చూసినా అత్త పైడమ్మ ఇక్కడే కంగారుపడుతుంది. "ఏటే హైమా, ఏటీ ఇనపడ్డం నేదు! మా అమ్మ గొంతు పోనాదేటి?"

"నేదత్తా. ఏటీ ఇనపడకపోతేనే అంతా ఉన్నట్టు."

ఈసారి కొత్తదాన్ని ఒక్కదాన్నే మోగించింది. డెబ్బై ఏళ్ల కిందటి వాన పెంకుల మీద దబదబా కురిసింది. పొయ్యి మీద పులుసు కుతకుతలాడింది. తలుపు కిర్రుమంది. గరిటె పక్కన పెట్టిన చప్పుడు, ఆ వెంటనే ఒక గొంతు.

"ఎవులే అక్కడ? తడిసొచ్చినావేటే?"

పెట్టెలోని చిన్ననాటి తను జవాబు చెప్పేలోగా, పైడమ్మ పొడి తలను కొంగుతో తుడుచుకుంటూ లేచి నిలబడింది.

"నానేనమ్మా."