కొలత తప్పిన కోటు

ఆవిడ వేసుకున్న కోటు ఆవిడ కొలతలకి కుట్టింది కాదు.

భుజాల దగ్గర జారిపోతోంది. చేతులు మణికట్టు దాటి వేళ్ళ మీదకి వచ్చేశాయి. ఏళ్ళ తరబడి బట్టలు కత్తిరిస్తున్న అమ్మాయికి ఒక్క చూపు చాలు. ఆవిడ ఎవరి కోటో తొడుక్కుని, మెడలో ఓ కార్డు వేలాడేసుకుని, విమానాశ్రయంలో అధికారినంటోంది.

"ఒంటరిగా వెళ్తున్నావా తల్లీ?" అంది ఆవిడ.

తల్లీ. సరిగ్గా ఈ మాటే వస్తుందని మాస్టారు ముందే చెప్పారు.

ఇంట్లో ఆ అమ్మాయిని సీఐడీ అంటారు. పాలలో నీళ్ళనీ, అన్నయ్య మాటల్లో అబద్ధాన్నీ ఒకేలా పట్టేస్తుందని. అంతటి సీఐడీకీ విదేశం అనగానే భయమేసింది. వాళ్ళ వీధిలోంచే ఒకమ్మాయి పని కోసం వెళ్ళి, దార్లో ఎవరి చేతుల్లో పడిందో, ఇప్పటికీ ఫోన్ లేదు. కుట్టుపని దొరికితే దొరికింది, లేకపోతే లేదు. తను మాత్రం అలా మాయమైపోకూడదు.

అందుకే మాస్టారి దగ్గర చేరింది. టైర్ల దుకాణం పైన గది. ఆయన విదేశంలో పని చూపించి ఊరుకోరు, అక్కడికి క్షేమంగా చేరడం కూడా నేర్పుతారు. ఆయన భార్య దొంగ అధికారి వేషం కట్టి, "పక్క గదిలోకి రా తల్లీ" అంటూ తేనె పూసిన గొంతుతో పిలిచేది. నమ్మి లేచినవాళ్ళు ఆ పూట అందరికీ టీ పెట్టాలి. సీఐడీ ఒక్కసారి కూడా పొయ్యి వెలిగించలేదు.

అమ్మ ఓసారి ఆ గదికే వెళ్ళి, మిమ్మల్ని మాత్రం ఎందుకు నమ్మాలని ఆయన్ని నిలదీసింది. ఆయన నవ్వేశారు.

"నమ్మొద్దమ్మా. నన్ను కూడా అనుమానించండి. అప్పుడే మీ పిల్ల భద్రంగా ఉంటుంది."

అమ్మ అక్కడికక్కడే చల్లబడిపోయింది.

ఇప్పుడీ కోటావిడ పాఠం తప్పకుండా నడుస్తోంది. ఎవరి దగ్గరికి, టికెట్ ఎవరు కొన్నారు, అన్నీ అడిగింది. అక్క పురుడికి వెళ్తున్నానని, బావ కొన్నాడని సీఐడీ తడుముకోకుండా చెప్పింది. పనికని తెలిస్తే వెంటపడతారన్నది మాస్టారి మొదటి హెచ్చరిక.

"అక్కకి ఎన్నో నెల?"

"తొమ్మిది పడింది. కవలలంటున్నారు."

కవలలు క్లాసులో లేరు. అది తను సొంతంగా వేసిన ఎంబ్రాయిడరీ.

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. గొంతు బాగా తగ్గించింది.

"నిన్ను పంపేవాళ్ళ మీద నాకు నమ్మకం లేదమ్మా. కాసేపు ఆ గదిలో కూర్చుని మాట్లాడుకుందాం, రా."

పక్క గది. సీఐడీకి నవ్వొచ్చింది. రానంది. చెయ్యి పడితే అరుస్తానంది. వరుసలో జనం తిరిగి చూశారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఆపడానికి ఆవిడకి ఏ సాకూ దొరకలేదు. చివరికి ఓ ఫోన్ నంబరు రాసి చేతిలో పెట్టి, ఏ వేళయినా చెయ్యమంది. మలుపు తిరగ్గానే ఆ చీటీ చెత్తబుట్టలో పడింది.

విమానం దిగి బయటికి రాగానే మాస్టారి మనిషి ఎదురొచ్చాడు. సీఐడీ ఊరికే నమ్మలేదు. ముందే అనుకున్న గుర్తుమాట అడిగింది. అతను తడబడకుండా చెప్పాడు.

అప్పుడు గానీ ఆమె గుండెల నిండా గాలి పీల్చుకోలేదు. క్షేమంగా చేరానని, దార్లో ఒకావిడ తగులుకుందని, నా దగ్గరా ఆవిడ ఆటలని అమ్మకి మెసేజ్ పెట్టింది. వ్యాన్ ఎక్కింది. క్లాసులో చదివిన మరో ముగ్గురు అమ్మాయిలు అప్పటికే అందులో ఉన్నారు. తెలిసిన ముఖాలు చూసి ఇంకాస్త ధైర్యంగా వాళ్ళ పక్కన సర్దుకుని కూర్చుంది.

అతను బయటి నుంచి తలుపు లాగి మూశాడు, ఆ తలుపుకి లోపలివైపు హ్యాండిల్ లేదు.