పేరు గడి

ఫ్యాక్టరీ ఆస్పత్రి ఆపరేషన్ల జాబితాను కంప్యూటర్లో సాస్ అనే ప్రోగ్రాంతో రిపోర్టుగా అచ్చువేసేది నేనే. ఆ ఉదయం పేరు గడి వెడల్పు పెంచాను. వరస కాగితంలో పట్టక డాక్టరు పేరు కిందికి జారింది.

మేనేజరు కాగితం నా ముందు విసిరాడు. "ఏందయ్యా ఈ గోల? నేను చెప్పినట్టు పేరు ఎప్పట్లా ఆరు ఇంగ్లీషు అక్షరాలకే కొయ్యి."

"వరస పొడవు, అదే లైను సైజు, పెంచితే సరిపోద్ది సార్. కోస్తే మస్తానమ్మ కాస్తా మస్తాన్ అవుద్ది."

"అయితే ఏమైద్ది? దానికి ఎవడన్నా సచ్చాడా?"

నేను కుర్చీలోంచి లేచాను.

"సచ్చింది సార్. పోయిన నెల మగవాళ్ల వార్డులో మస్తాన్ అని పిలిచి, ఎవరూ పలక్కపోతే తర్వాతవాణ్ణి తీసుకెళ్లారు. నన్ను రానివ్వని ఆడవాళ్ల వార్డులో నా భార్య తన పేరు పిలుస్తారని చూస్తా చూస్తానే పోయింది."