పిల్లల తల్లి కొరమీను

దగ్గరికి జరగండర్రా, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు, రామనగుడ దగ్గర మా ఊళ్లో వదిన ప్రసవించింది. తొమ్మిది రోజులైనా పాలు పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి నీరసించిపోయింది. బాలింతకు కొరమీను పులుసు పడితే పాలొస్తాయని మా అన్న తవిటినాయుడు చీకటి పడ్డాక గాలం పట్టుకుని చెరువుకు బయలుదేరాడు. లాంతరు నేను పట్టుకున్నాను.

మోకాలిలోతు నీళ్లు, అంతా నాచు. ఆ నాచు మధ్య ఎర్రటి చేపపిల్లలు ముద్దగా కదులుతున్నాయి. వాటి కిందే తల్లి కాపలా ఉంటుంది.

"ఒగ్గీ అన్నా! పిల్లలతోటున్న కొరమీన్ని పట్టకూడదని అయ్య సెప్పలేదేటి?"

"నోర్ముయ్యే అమ్మీ. నీ నీతులు తాగి బతుకుతాదేటి ఆ పసిగుంట?"

కప్పను గుచ్చిన గాలం పిల్లల మీదే వేశాడు. తల్లి పడింది.

గట్టు మీద వస్తుంటే పక్క నీళ్లలో సన్నగా చిటచిట. పిల్లలు మా వెంటే ఈదుతున్నాయి. గట్టు దిగి ఎండిన వరిమళ్లలో పడ్డాం. అయినా ఆ చప్పుడు ఆగలేదు. మా వెనకాలే, వరిదుబ్బుల్లో.

"అన్నా, ఇనబడతందా?"

"ఎనక్కి సూడకు. నడు."

గుమ్మంలో నా పాదాల మీదుగా తడితడిగా ఏదో గడప దాటింది. లోపల బిడ్డ ఏడుపు ఆగిపోయింది.

"అమ్మీ, పాలు పడ్డాయే! తాగతంది!" చీకట్లోంచి వదిన సంబరంగా అరిచింది.

పాలు చప్పరిస్తున్న చప్పుడు వినిపించింది. అది ఒక్క నోటిది కాదు.

అన్న లాంతరు నా చేతిలోంచి లాక్కుని ఆర్పేశాడు.

ఇంతే చెబుతాను. మరిచిపోకండి, మీ పిల్లలకూ చెప్పండి.